కంది మోడు దిగిన గాయం నెలైనా మానలేదా?

తాండూరు, వికారాబాద్ రైతు సోదరులారా, కంది కోసిన చేలో మోళ్లు చెప్పును చీల్చుకుని కాలికి దిగడం మనకు కొత్త కాదు. చిన్న గాయమైతే రెండు మూడు వారాల్లో మానాలి. నెల దాటినా రసి కారుతుంటే లోపల బ్యాక్టీరియా పాతుకుపోయి ఉండవచ్చు. ఇవి గుంపుగా చేరి చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. డ్రిప్ పైపులో పట్టే పాకుడు చూశారుగా, అలాంటిదే. పైపూత మందు, మాత్రలు ఆ పొరలోకి సరిగా చేరవు. ఆ పొరను, చచ్చిన కండను డాక్టరు తీసి శుభ్రం చేస్తేనే కొత్త కండ పడుతుంది.

షుగరు ఉన్నవారికి నొప్పి తెలియకపోవచ్చు, కాలికి రక్తమూ సరిగా అందకపోవచ్చు. అశ్రద్ధ చేస్తే వేలు, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది.

పేడ, బూడిద పెట్టకండి. పేడలో ధనుర్వాతం క్రిములుంటాయి. శుభ్రమైన నీటితో కడిగి, ఉతికిన గుడ్డ కట్టి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం సూది, షుగరు పరీక్ష అడగండి. కంది అమ్మాక చూద్దామని ఆగకండి.