ఆవకాయ జాడీలో యుద్ధం!

వేసవి వచ్చిందంటే ఇంట్లో ఆవకాయ హడావుడే. ఆవపిండి, ఉప్పు, కారం, వెల్లుల్లి, నువ్వుల నూనె కలిపి మామిడి ముక్కలకు పట్టించి జాడీకెత్తితే... ఏడాది దాకా నిశ్చింత! అదే రాత్రి వండిన కూరను బయట వదిలేస్తే పొద్దునకల్లా పాడైపోతుంది. ఎందుకీ తేడా?

ఉప్పు, పులుపు సూక్ష్మజీవుల్ని పెరగనివ్వవు. నూనె గాలిని అడ్డుకుంటుంది. వీటికి తోడుగా మరో సైన్యం ఆవపిండిలో ఉంది.

దంచితేనే ఘాటు

ఎండు ఆవగింజను వాసన చూడండి. ఘాటే ఉండదు. దంచి తడి తగిలిస్తే మాత్రం ముక్కు అదిరిపోతుంది! గింజలో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి తడి తగలగానే రెండూ కలిసి ఆ ఘాటును పుట్టిస్తాయి. దాని పేరు అల్లైల్ ఐసోథయోసయనేట్. బ్యాక్టీరియానూ బూజునూ కూడా అది అడ్డుకోగలదు.

పురుగు కొరికినా తెగులు సోకినా మొక్క పారిపోలేదు కదా! అందుకే ఈ ఆయుధాలు. మనకు రుచి... దానికి ప్రాణరక్షణ.

వెల్లుల్లిదీ ఇదే ఎత్తు. రెబ్బను నలిపితేనే అందులో అల్లిసిన్ తయారవుతుంది. సూక్ష్మజీవి బతకడానికి కావలసిన ఎంజైమ్‌లను అది పనిచేయనివ్వదు. అమెరికా శాస్త్రవేత్తలు ఛెస్టర్ కవల్లిటో, జాన్ బెయిలీ 1944లోనే దీన్ని వేరుచేసి చూపించారు. నలపకుండా వేడి నూనెలో వేస్తే అల్లిసిన్ పెద్దగా తయారవదు. ఇక లవంగంలోని యూజెనాల్ బ్యాక్టీరియా పైపొరనే దెబ్బతీస్తుంది. పంటి డాక్టర్లు తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి వాడే మందులో ఉండేది ఇదే!

మరి మందులెందుకు?

ఇక్కడే జాగ్రత్తపడాలి. ప్రయోగశాలలో సూక్ష్మజీవిని చంపిన పదార్థం ఒంట్లోనూ చంపుతుందని చెప్పలేం. పసుపులోని కర్క్యుమిన్‌నే తీసుకోండి. మనం తాగే పాలలోంచి అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అందుకే పిల్లాడికి జ్వరం తగ్గకపోతే పసుపుపాలతో రోజులు గడపకూడదు. డాక్టరు రాసిన యాంటీబయోటిక్ ఆపేసి వెల్లుల్లి తినిపించకూడదు.

మొక్క మందుగా మారాలంటే ఎంత శ్రమ కావాలో చైనా శాస్త్రవేత్త తు యుయు కథ చెబుతుంది. మన వినాయక చవితి పూజలో వాడే మాచిపత్రికి దగ్గరి చుట్టమైన ఓ మొక్క మీద ఆమె బృందం పనిచేసింది. మరిగిస్తే గుణం పోతోందని పాత వైద్యగ్రంథం చదివి గ్రహించారామె. తక్కువ వేడిలో, ఈథర్‌తో సారం తీయించారు. 1971లో ఫలించిన ఆ ప్రయత్నమే మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు దారితీసింది. ఆమెకు 2015లో నోబెల్ తెచ్చిపెట్టింది. అంతటి మందునూ ఇప్పుడు మరో మందుతో జతచేసి, కొలిచిన మోతాదులోనే ఇస్తున్నారు.

కాబట్టి వంటింటి ఆయుధాలను వంటింట్లో నమ్ముదాం, జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి వెళదాం. అన్నట్టు, జాడీలో తడి గరిటె పెట్టకండి. ఆ తడికి ఉప్పు పలచబడితే ఎంత ఘాటైన ఆవపిండీ బూజును ఆపలేదు!