పావు చార్జీ రాత్రుల నుంచి 28 రోజుల రీచార్జి దాకా

సూర్యాపేటకు 08684, కోదాడకు 08683, మిర్యాలగూడకు 08689. ఒకప్పుడు ప్రతి దుకాణం బోర్డు మీదా కనిపించిన ఈ ఎస్టీడీ కోడ్‌లు ఇప్పటికీ చెల్లుతాయి.

ఎస్టీడీ బూత్‌ల దగ్గర రాత్రి పొద్దుపోయాక రద్దీ ఎందుకుండేదో తెలుసా? ఆ వేళ పగటి చార్జీలో పావు వంతే పడేది. హైదరాబాద్‌లో చదివే కొడుకుతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా మీటరు అంకెల మీద ఒక కన్ను వేసి ఉంచాల్సిందే.

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌ల మధ్య నడిచింది. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. వచ్చిన కాల్ ఎత్తినా డబ్బు పోయేది! ఇన్‌కమింగ్ ఉచితమైంది 2003లో. 2006లో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి, 2009లో సెకనుకు పైసా, 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాయి.

1994లో సర్వీస్ ట్యాక్స్ మొదలైనప్పుడు పన్ను పడిన మొదటి మూడు సేవల్లో టెలిఫోన్ ఒకటి. అప్పుడు 5 శాతం. ఇప్పుడు రీచార్జి మీద జీఎస్టీ 18 శాతం.

కోదాడ దాటితే జగ్గయ్యపేట, అంటే వేరే రాష్ట్రం. కానీ 2014లో రాష్ట్రం విడిపోయినా మొబైల్ లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిపి ఇంకా ఒకటే ఆంధ్రప్రదేశ్ సర్కిల్.

అన్నిటికన్నా ఆలోచించాల్సింది రీచార్జి గడువుకు పెట్టిన 28 రోజుల లెక్క. నెలకోసారే కదా అనుకుంటాం గానీ, ఏడాదికి 12 కాదు, 13 రీచార్జిలు. ఒక్కోటి 250 రూపాయలు అనుకుంటే, నాలుగు ఫోన్లున్న ఇంటికి ఏడాదికి 13,000. ల్యాండ్‌లైన్ కాలంలో ఇంటికి ఒకటే బిల్లు, మాట్లాడినకొద్దీ పెరిగేది. ఇప్పుడు మనిషికో బిల్లు. మాట్లాడినా మాట్లాడకపోయినా రోజులకే డబ్బు కట్టాలి. నిమిషం చవకైంది, ఇంటి ఖర్చు మాత్రం పెరిగింది. కూలి పనికి వెళ్లే ఇంట్లో ఇది చిన్న బరువు కాదు. ఇలాంటి ఫిర్యాదుల మీదే 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను, ప్రతి నెలా అదే తేదీకి వేయించుకునే ప్లాను ఒకటి ఉంచాలని చెప్పింది.

కీప్యాడ్ ఫోన్ వాడే నాయనమ్మకు నెట్ ఎందుకు? 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధనలు మార్చి, కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాక్ విడిగా ఇవ్వాలంది. దాని గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. పెద్దవాళ్ల ఫోన్‌కు రీచార్జి చేయించేటప్పుడు ఆ ప్యాక్ ధరెంతో ముందు అడగండి.