తెర మీద బొమ్మ ఉంటే రికార్డు ఉన్నట్టేనా?

తెల్లవారుజామున ఫోను మోగిందంటే మా పనిలో ఉన్నవాళ్లకు విషయం ముందే అర్థమవుతుంది. ఎక్కడో తాళం పగిలింది. ఆ రోజు ఫోను చేసింది ఒక కిరాణా కొట్టు యజమాని. "అన్నా, షట్టర్ లేపేశారు. టీవీలో నాలుగు కెమెరాలూ కనిపిస్తున్నాయి గానీ, రాత్రిది చూద్దామంటే ఏమీ రావట్లేదు" అన్నాడు. వెళ్లి చూశాను. కెమెరాలు శుభ్రంగా పనిచేస్తున్నాయి. రికార్డర్‌లో ఉన్న చివరి ఫుటేజ్ తేదీ మాత్రం ఏడు నెలల కిందటిది. హార్డ్ డిస్క్ అప్పుడే పోయింది. పోయినప్పుడు రికార్డర్ కుయ్‌కుయ్‌మని మోగితే, ఆ మోత భరించలేక కొట్లో కుర్రాడొకడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి బజర్ ఆపేశాడట. అప్పటి నుంచి యజమాని రోజూ పొద్దున్నే టీవీ వైపు చూసి, అంతా బాగుందనుకుని గల్లాపెట్టె ముందు కూర్చుంటున్నాడు.

ఇన్నేళ్లలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అందుకే మొదట దీని సంగతే చెబుతాను.

అపోహ: తెర మీద బొమ్మ వస్తోందంటే రికార్డు అవుతున్నట్టే.

ఇవి రెండు వేర్వేరు పనులు. కెమెరా నుంచి వచ్చిన వీడియోను రికార్డర్, అంటే ఎన్‌వీఆర్, ఒక చేత్తో తెర మీదికి, ఇంకో చేత్తో డిస్క్‌లోకి పంపుతుంది. రెండో చెయ్యి పడిపోయినా మొదటిది ఆగదు. డిస్క్ చెడిపోవడం ఒక్కటే కారణం కాదు. డిస్క్ నిండాక పాతదాని మీద రాసే ఓవర్‌రైట్ ఆపేసి ఉండొచ్చు. రికార్డింగ్ షెడ్యూల్‌లో రాత్రి గంటలు ఖాళీగా ఉండొచ్చు. కదలిక ఉన్నప్పుడే రికార్డు చెయ్యమని పెట్టి, ఏ భాగంలో కదలికను గమనించాలో గీయడం మరిచి ఉండొచ్చు.

కనిపెట్టే దారి ఒక్కటే. ప్లేబ్యాక్‌లోకి వెళ్లి, నిన్న రాత్రి రెండు గంటలకు ఏం జరిగిందో ప్రతి కెమెరాలో చూడాలి. అందులోంచి అయిదు నిమిషాల ముక్క పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, వేరే కంప్యూటర్‌లో తెరుచుకుంటుందో లేదో చూడాలి. నెలకోసారి కరెంటు బిల్లు కట్టే రోజున ఈ పని పెట్టుకోండి. పది నిమిషాలు పట్టదు.

అపోహ: ఒక టీబీ డిస్క్ ఉంటే నెల రోజులు వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుందనుకోండి. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి సెకనుకు అర మెగాబైట్. రోజుకు 86,400 సెకన్లు. అంటే ఒక్క కెమెరాకే రోజుకు 43 జీబీ, నాలుగింటికి 172 జీబీకి పైగా. ఒక టీబీ ఆరు రోజులైనా నిండకుండానే అయిపోతుంది. కెమెరా సెట్టింగ్స్‌లో వీడియోను కుదించే పద్ధతి హెచ్.264 బదులు హెచ్.265 పెట్టి, బిట్‌రేట్ సగానికి తగ్గిస్తే పదకొండు, పన్నెండు రోజులు వస్తుంది. నెల రోజులు కావాలంటే అప్పటికీ 2.6 టీబీ కావాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం గుమిగూడే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజ్ ఉంచాలని చెప్పింది. ఆ మాట విన్న షాపులవాళ్లు డిస్క్ సైజు మాత్రం ఎవరినీ అడగరు. ఇంకో మాట. పాత కంప్యూటర్‌లోంచి తీసిన డిస్క్ రికార్డర్‌లో పెట్టకండి. అది రోజుకు కొన్ని గంటల పనికి చేసినది. ఇక్కడ రాత్రీ పగలూ రాస్తూనే ఉండాలి. అందుకోసమే తయారుచేసిన సర్వైలెన్స్ డిస్కులు బజారులో దొరుకుతాయి.

అపోహ: మెగాపిక్సెల్స్ పెరిగితే దొంగ మొహం తెలుస్తుంది.

ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తించాలంటే అతను నిలబడ్డ చోట ఒక మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలని ఈ రంగంలో అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 4 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 2,560 పిక్సెళ్లుంటాయి. అంటే పది మీటర్ల వెడల్పు వరకే మొహం పనికొస్తుంది. మనవాళ్లు ఎక్కువగా బిగించే 2.8 మిల్లీమీటర్ల లెన్స్ సుమారు వంద డిగ్రీలు చూస్తుంది కాబట్టి, నాలుగు మీటర్ల దూరానికే ఆ పది మీటర్ల వెడల్పు వచ్చేస్తుంది. గేటు ఎనిమిది మీటర్ల అవతల ఉంటే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. డబ్బు పోసి 8 మెగాపిక్సెల్ కొన్నా పెరిగేది మరో రెండు మీటర్ల దూరమే. అదే 4 మెగాపిక్సెల్‌కు 6 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి గేటు వైపు తిప్పితే మొహం దొరుకుతుంది.

ఎత్తు కూడా అంతే ముఖ్యం. రెండో అంతస్తు పిట్టగోడ మీద పెట్టిన కెమెరాకు నడినెత్తి, టోపీ తప్ప ఏమీ అందవు. వీధంతా చూడటానికి ఒకటి పైన ఉండనివ్వండి. లోపలికి రాక తప్పని గుమ్మం దగ్గర ఇంకొకటి ఏడెనిమిది అడుగుల ఎత్తులో పెట్టండి.

రాత్రిళ్లు బొమ్మ పొగమంచులా తెల్లగా వస్తోందని చాలామంది కెమెరా మార్చేస్తుంటారు. ముందు నిచ్చెన వేసుకుని చూడండి. ఇన్‌ఫ్రారెడ్ దీపాల వెలుగుకు పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు గూడు కడుతుంది. లెన్స్ ముందున్న ఒక్క పోగు రాత్రి తెల్లటి తాడులా మెరుస్తుంది. గాలికి ఊగినప్పుడల్లా ఫోనుకు అలర్ట్ వస్తుంది. సన్‌షేడ్ కింద పక్కగోడకు ఆనించి బిగించినా ఇదే తంటా. దీపం వెలుగు గోడకు కొట్టి లెన్స్‌లోకే తిరిగొస్తుంది.

అపోహ: పగలు వచ్చి రాత్రి పోతోందంటే కెమెరా పాడైనట్టే.

పాడయ్యేది చాలాసార్లు కేబులే. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, కెమెరాకు కరెంటు ఎక్కువ కావాలి. నెట్ కేబుల్‌లోనే కరెంటు పంపే పీవోఈ పద్ధతిలో, మామూలు ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్ స్విచ్ దగ్గర బయలుదేరేది 15.4 వాట్లు, అవతలి కొసకు చేరేది 12.95 వాట్లు. అది కూడా వంద మీటర్ల లోపు, అసలు రాగి తీగలో. చవగ్గా దొరికే కేబుళ్లలో చాలావాటికి లోపల అల్యూమినియం తీగ, పైన రాగి పూత ఉంటాయి. అల్యూమినియానికి అడ్డగింపు ఎక్కువ, దారిలోనే కరెంటు తినేస్తుంది. పగలు ఎలాగో నెట్టుకొస్తుంది, రాత్రి కెమెరా ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. మధ్యలో ఎవరో తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఉంటే వానాకాలంలో పూర్తిగా పోతుంది. కెమెరాను దించి స్విచ్ పక్కనే చిన్న కేబుల్‌తో పెట్టి ఒక రాత్రి చూడండి. అక్కడ ఆగకుండా నడిస్తే తప్పు కెమెరాది కాదు.

ఒకే కంపెనీ కెమెరాలు రెండు కొత్తవి ఒకేసారి బిగించినప్పుడు ఒక్కోసారి ఒకటి వస్తే ఇంకొకటి పోతుంటుంది. ఫ్యాక్టరీ నుంచి రెండింటికీ ఒకే ఐపీ అడ్రస్ రావడం వల్ల అలా జరుగుతుంది. ఒక్కోదాన్నే కలిపి, అడ్రస్ మార్చి, తర్వాతదానికి వెళ్లాలి. కొత్త ఇంటర్‌నెట్ కనెక్షన్ పెట్టించుకున్న మర్నాడే రౌటర్‌కు కలిపిన కెమెరాలన్నీ మాయమయ్యాయంటే, కొత్త రౌటర్ ఐపీ అంకెల వరస వేరు, కెమెరాలు పాత వరసలోనే ఉన్నాయన్నమాట.

అపోహ: ఇంటర్‌నెట్ పోతే రికార్డింగ్ ఆగిపోతుంది.

కెమెరా, స్విచ్, ఎన్‌వీఆర్ మూడూ ఇంట్లోనే ఉంటే ఆగదు. ఫోనులో చూడటం ఒక్కటే ఆగుతుంది. మెమరీ కార్డు లేకుండా క్లౌడ్‌లోనే దాచుకునే వైఫై కెమెరాకైతే ఆగుతుంది. కరెంటు పోతే మాత్రం, ఇన్వర్టర్ లైను స్విచ్‌కు కూడా ఇచ్చారా అన్నది చూసుకోండి.

అపోహ: మా ఇంటి కెమెరాను హ్యాక్ చేసి ఎవరికేం లాభం?

2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ దాడికి వాడిన మిరాయ్ అనే ప్రోగ్రాం ప్రపంచమంతటా మామూలు ఇళ్లలో, షాపుల్లో ఉన్న కెమెరాలను, డీవీఆర్‌లను వశం చేసుకుంది. దాని దగ్గరున్న తాళంచెవులు ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలే. మన దేశంలో కూడా భద్రతా పరీక్షల్లో నెగ్గిన సీసీ కెమెరాలనే అమ్మాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఎంత పరీక్షించిన కెమెరా అయినా పాస్‌వర్డ్ బిగించినవాడి దగ్గరే ఉంటే ప్రయోజనం లేదు. నా తోటి పనివాళ్ల మీద నింద వేయడం లేదు. కానీ పని అయిపోయాక పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి. యాప్‌లో ఆ రికార్డర్ ఎవరి అకౌంట్ మీద ఉందో అడిగి, మీ పేరు మీదికి మార్పించుకోండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

అపోహ: టైం కాస్త అటూ ఇటూ ఉంటే ఏమైంది?

చాలా కెమెరాలు చైనా సమయంతో వస్తాయి. అది మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి ఒంటిగంటన్నరకు జరిగిన దొంగతనం మీ ఫుటేజ్‌లో నాలుగు గంటలకు కనిపిస్తుంది. పోలీసులు వీధిలోని మిగతా కెమెరాలతో సరిపోల్చినప్పుడు మీది పొసగదు. టైం జోన్‌ను 5:30కి మార్చి, నెట్ నుంచి టైం సరిచేసే ఎన్‌టీపీ ఆన్ చెయ్యండి. ఫుటేజ్‌ను టీవీ ముందు ఫోను పట్టుకుని తీయకండి, వాట్సాప్‌లో పంపి అదే సాక్ష్యమనుకోకండి. వాట్సాప్ వీడియోను కుదిస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం కోర్టుకిచ్చే సర్టిఫికెట్‌లో ఫైలుకు వేలిముద్ర లాంటి హ్యాష్ విలువ రాయాలి. కుదించిన కాపీకి ఆ విలువ మారిపోతుంది. రికార్డర్ నుంచి నేరుగా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును, దాని మీద కొత్త రికార్డింగ్ పడకముందే తీసి దాచండి.

అపోహ: ఇల్లు మనదే, ఏ గదిలోనైనా పెట్టుకోవచ్చు.

అదే ఇంట్లో ఉండేవాళ్లు ఒప్పుకోకపోతే లోపల కెమెరాలు నడపకూడదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. చట్టం మాట అలా ఉంచితే, ఈ మధ్య పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల కోసం కెమెరాలు పెట్టించడం బాగా పెరిగింది. వాళ్ల బెంగ నాకు తెలుసు. ఫోను ఎత్తకపోతే అమ్మ పడిపోయిందేమోనన్న భయం అటువైపు నిద్ర పోనివ్వదు. కానీ అలాంటి ఒక ఇంట్లో హాల్లో పెట్టిన కెమెరాను సర్వీసు చేయడానికి వెళితే, పెద్దావిడ మంచం ఎప్పుడూ ఉండే కిటికీ దగ్గర లేదు. ఫ్యాను గాలి కూడా అందని మూలకు జరిపి ఉంది. అడిగితే, "మా అబ్బాయే చూస్తాడు బాబూ, తెలుసు. కానీ కాళ్లు చాపుకుని పడుకోవాలన్నా బిడియంగా ఉంది" అన్నారు.

ఆ రాత్రి వాళ్ల అబ్బాయితో ఫోన్‌లో మాట్లాడాను. హాల్లో కెమెరాను తీసి వీధి గుమ్మానికి బిగించాం. అమ్మ పొద్దున్నే ముగ్గు వేయడానికి బయటికి వచ్చినా, పాలు తీసుకున్నా ఆయనకు కనిపిస్తుంది. మర్నాడు రికార్డింగ్ వెనక్కి తిప్పి చూపిద్దామని వెళ్లేసరికి మంచం మళ్లీ కిటికీ పక్కకు వచ్చేసింది.