బాలల మూర్ఛవ్యాధికి ఒకే మందుతో చికిత్స

తరగతిలో పాఠం వింటున్న బాలుడు ఉన్నట్టుండి కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడు. పిలిచినా పలుకడు. మరుక్షణం ఏమీ జరగనట్లే రాయడం కొనసాగిస్తాడు. పరధ్యానమని ఉపాధ్యాయులు మందలించే ఈ స్థితి మూర్ఛవ్యాధిలో ఒక రకం కావచ్చును. కాళ్లు చేతులు కొట్టుకొని పడిపోవడం మాత్రమే ఫిట్స్ అనుకోవడం సరికాదు.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది మూర్ఛవ్యాధిగ్రస్తులున్నారని, సకాలంలో సరైన చికిత్స లభిస్తే వారిలో 70 శాతం వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది.

చికిత్సను ఒకే మందుతో ప్రారంభించడం వైద్యలోకం అంగీకరించిన పద్ధతి. స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి, బిడ్డ బరువును బట్టి క్రమంగా పెంచుతారు. మగత, చిరాకు, ఒంటిపై దద్దుర్లు వంటివి కనిపిస్తే కారణం వెంటనే తెలుస్తుంది. రెండు మూడు మందులు కలిపినప్పుడు ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తేల్చడం కష్టం. స్కాట్లాండులోని గ్లాస్గో వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు చికిత్స పొందని 470 మందిలో 47 శాతం మందికి మొదటి మందుతోనే మూర్ఛలు ఆగిపోయాయి. వీరిలో పెద్దలు కూడా ఉన్నారు.

అయితే ఆ ఒక్క మందు వ్యాధి రకానికి తగినదై ఉండాలి. పైన చెప్పిన క్షణకాలపు మూర్ఛ గల 453 మంది బాలలపై అమెరికాలో జరిపి, 2010లో వెల్లడించిన అధ్యయనంలో ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ మందులు లామోట్రిజిన్ కంటే మెరుగ్గా పనిచేశాయి. వాటిలోనూ ఎథోసక్సిమైడ్ వాడిన బాలలలో ఏకాగ్రత లోపం తక్కువగా కనిపించింది. మెదడులో ఒక భాగం నుండి పుట్టే మూర్ఛకు ఉపకరించే కార్బమజెపిన్ ఈ రకాన్ని అధికం చేయవచ్చును. కనుక పొరుగింటి బిడ్డకు గుణమిచ్చిన మాత్ర మన బిడ్డకు పనికివస్తుందని భావించరాదు. వాల్‌ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది గనుక బాలికల విషయంలో వైద్యులు మరింత ఆలోచిస్తారు.

అసలు ఇబ్బంది ఇంటివద్దనే ఎదురవుతుంది. రెండు నెలలు మూర్ఛ రాకపోతే వ్యాధి నయమైందని మందు మాన్పించే తల్లిదండ్రులున్నారు. హఠాత్తుగా ఆపితే ఎడతెగని మూర్ఛ వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చును. సాధారణంగా రెండేళ్లపాటు మూర్ఛ రాకుండా ఉన్న తరువాతనే, వైద్యుని సలహాపై, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరికి బయలుదేరేటప్పుడు కొత్త బట్టలకంటే ముందు మందు సీసాను సంచిలో ఉంచుకోవాలి.

మొదటి మందు ఫలించకపోతే, అది వేళకు అందిందా, మోతాదు చాలిందా అని పరిశీలించి మరొక మందుకు మారుస్తారు. తగిన రెండు మందులు వాడినా మూర్ఛలు ఆగనప్పుడు నాడీవైద్య నిపుణులకు చూపించాలి.

మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో ఇనుప తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వలన ప్రయోజనం లేదు. నోటిలో ఏమీ పెట్టరాదు. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలకు మించి కొనసాగితే 108కి ఫోన్ చేయాలి.