నీలికోళ్ల రంగు: పేర్లును, సంతానక్రమమును

ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల రైతులకు సంకరజాతి ప్రత్తి సంగతి బాగుగా తెలియును. మంచి కాపు నిచ్చిన చెట్టు గింజనే దాచి మరుసటి యేట విత్తినచో మొక్కలన్నియు తల్లిచెట్టు వలె రావు. నీలికోళ్ల విషయమును ఇంచుమించుగా ఇట్టిదే. ఇది తెలియని రైతు నీలి పుంజును, నీలి పెట్టను హెచ్చుధరకు కొని, పిల్లలలో సగము వేరురంగున పుట్టగా, అమ్మినవాడు మోసగించెనని తలచును. ఆ పిల్లలను పనికిరానివని అగ్గువకు అమ్మివేయును. ఈ రెండును పొరపాటులే.

మొదట పేరును గూర్చి చెప్పవలసియున్నది. యెమ్మిగనూరు మగ్గముల నూలునకు నీలిరంగు అద్దకము వలన కలుగును. కోడి ఈకలో అట్టి నీలిరంగు పదార్థమేదియు లేదు. నెమలి కంఠమునందలి నీలము, పాలపిట్ట రెక్కలయందలి నీలము ఈకల సూక్ష్మనిర్మాణముపై వెలుతురు పడుట వలన కనబడునవి. కోడి నీలము అట్టిదియు గాదు. అది పలుచబడిన నలుపు మాత్రమే. తెలుగున నల్లని కురులను నీలములనుట వాడుకయే గదా. పెంపకందార్లు నీలమనునది నిజముగా బూడిదరంగు.

ఈ రంగు సంతానమునకు ఎట్లు సంక్రమించునో స్పెయిను దేశపు అండలూషియను కోళ్ల వలన తెలిసినది. ప్రదర్శనములకై వీనిని పెంచువారు నీలిజోడును ఎన్ని తరములు కట్టినను నల్లపిల్లలును, తెల్లని మేనిపై బూడిదమరకలు గల పిల్లలును పుట్టుచుండెను. ఈ మరకల కోడిని ప్రదర్శకులు స్ప్లాష్ అందురు. మెండెలు 1866లో ప్రకటించిన వంశసూత్రములు 1900లో మరల వెలుగులోనికి వచ్చిన పిమ్మట, ఇంగ్లాండునందు బేట్సను, పున్నెట్టు అను శాస్త్రజ్ఞులు దీని మర్మమును తేల్చిరి.

ప్రతి కోడికిని తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటిగా రెండు జన్యువులు వచ్చును. నలుపును పలుచజేయు జన్యువు రెండింట ఏదియు లేనిచో కోడి నల్లనిది; ఒకటి యున్నచో నీలిది; రెండున్నచో స్ప్లాష్. కావున ఈ నీలము రెంటి నడిమి స్థితియే గాని స్థిరమైన జాతిరంగు గాదు. ఫలితము లిట్లుండును:

నీలము, నీలము జతపరచిన: నాలుగింట ఒకపాలు నలుపు, రెండుపాళ్లు నీలము, ఒకపాలు స్ప్లాష్.
నీలము, నలుపు జతపరచిన: సగము నీలము, సగము నలుపు.
నీలము, స్ప్లాష్ జతపరచిన: సగము నీలము, సగము స్ప్లాష్.
నలుపు, స్ప్లాష్ జతపరచిన: అన్నియు నీలమే.

కడపటి ఫలితమును రైతులు ముఖ్యముగా గమనింపవలెను. తక్కువవిగా తలచి అమ్మివేయు నల్లపిల్లయు, మరకపిల్లయు పెరిగిన పిదప, నీలిపిల్లలనే పుట్టించు జోడగును.

లావెండరు అను వేరొక లేతబూడిదరంగు కలదు. అమెరికా ప్రదర్శకులు దీనినే సెల్ఫ్ బ్లూ అనుటచే రెండును ఒకటియేయను భ్రమ కలుగుచున్నది. దీని జన్యువు వేరు. అది తల్లిదండ్రుల నిరువురినుండి వచ్చిననే రంగు బయటపడును. అట్టి జోడునకు పిల్లలన్నియు లావెండరే. ఈ రంగు మేనంతట సమముగా నుండును. అండలూషియను నీలమున ఈకల అంచులు ముదురుగాను, పుంజు మెడయు వీపును మరింత నల్లగాను ఉండును.

నీలిజన్యువు నలుపునే పలుచజేయును. ఎరుపును అంతగా తాకదు. కావున ఎర్రని మెడ, నల్లని రొమ్ము గల పుంజునకు ఈ జన్యువు చేరినచో ఎరుపు నిలిచి, నలుపు బూడిదగును. తెలుగునాట ఎరుపును బూడిదయు కలిసిన కోడిని మైల యందురు. అయితే డేగ, కాకి, పింగళ, మైల మొదలగు పేర్లు కంటికి కనబడు రంగునుబట్టి పెట్టినవి. పేరునుబట్టి జన్యువును నిర్ణయింపరాదు, సంతానమే సాక్షి.

ఆచరణకు కొన్ని సూచనలు:

1. సందేహము గల నీలిపుంజును స్వచ్ఛమైన నల్లజాతి పెట్టతో జతపరుపుడు. పిల్లలలో సుమారు సగము నీలమైన అది నడిమి నీలము. అన్నియు నల్లనివైన లావెండరు కావచ్చును.

2. పెట్ట గర్భమున పుంజు బీజము రెండు మూడు వారములు నిలుచును. కావున ముందుగా పెట్టను మూడు వారములు ఇతర పుంజులనుండి వేరుపరచి, ఆ పిదప కోరిన పుంజుతో విడిచి, తరువాతి గ్రుడ్లనే పొదిగింపవలెను.

3. ఒక్క పొదుగును చూచి తీర్పు చెప్పరాదు. పది పిల్లలలో లెక్క తప్పవచ్చును. నలుబది, ఏబది పిల్లలలో పాళ్లు స్పష్టమగును.

4. ప్రతి జోడు పేరును, పిల్లల రంగులను పుస్తకమున వ్రాసికొనవలెను.

5. కోళ్లను పందెమునకు పురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టముచే నేరము. రంగుల పెంపకము ప్రదర్శనమునకును, గృహలాభమునకును మాత్రమే.

పుంజును కొనునప్పుడు దాని ఈకలను మాత్రమే చూడక, తల్లిదండ్రుల రంగులను, తోబుట్టువుల రంగులను అడిగి తెలిసికొనుట మేలు. నీలిజోడునకు నల్లపిల్ల పుట్టుట మోసము గాదు. అది ఆ రంగు స్వభావమే.