తెరచాప పందెములలో ధర్మసూక్ష్మము

పందెమనగా సమానుల నడుమ జరుగవలసినదని లోకమున ఒక అభిప్రాయము కలదు. పరుగు పందెములో అందరును ఒకే గీతయొద్ద నిలుతురు; ముందు చేరినవాడే గెలిచినవాడు. అందు తీర్పరికి చూపు ఉన్న చాలును, గణితముతో పనిలేదు. తెరచాప పడవల పందెమున మాత్రము సంగతి వేరు. గట్టున నిలిచినవారి కన్నులయెదుట అన్నిటికంటె ముందు గమ్యము చేరిన పడవ ఓడిపోవచ్చును. అరగంట వెనుకగా వచ్చిన చిన్నపడవకు బహుమానము దక్కవచ్చును. చూచువారికి ఇది అన్యాయమువలె తోచును. కాని ఆ పద్ధతి పుట్టినది న్యాయము కొరకే. ఆ న్యాయమును కనుగొనుటకై నావికులును, గణితజ్ఞులును నూటయేబది సంవత్సరములకు పైగా పడిన పాట్లు ఒక చిన్న ధర్మశాస్త్ర చరిత్రయే యగును.

చిక్కు ఎక్కడ నున్నది?

నీటిమీద పెద్దపడవ యెడ ప్రకృతియే పక్షపాతము చూపును. నీటిని చీల్చుకొనిపోవు బరువైన పడవ తన ముందొక అలను, వెనుకనొక అలను పుట్టించుకొని ఆ రెంటి నడుమ చిక్కుకొనును. అంతకంటె వేగముగా పోవలెనన్నచో తాను పుట్టించిన అలనే తాను ఎక్కవలసి వచ్చును. పొడుగుపడవ పుట్టించు అల పొడుగైనది; పొడుగైన అల వడిగా నడుచును. అందుచేత ఇట్టి పడవ యొక్క వేగపు హద్దు, నీటిమట్టమునొద్ద దాని పొడవునకు గల వర్గమూలమును అనుసరించి యుండును. 16 అడుగుల పడవ గంటకు అయిదు నాటికల్ మైళ్లకు కొంచెము మించి పోగలిగినచో, 64 అడుగుల పడవ పది మైళ్లు దాటి పోగలదు. ఈ భేదమునందు నావికుని నేర్పు ఏమియు లేదు. ఉన్నదెల్ల పెద్దపడవను కొనగలిగినవాని ధనబలమే.

1851వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమున వైట్ ద్వీపమును చుట్టివచ్చు పందెము జరిగినది. అట్లాంటిక్ దాటి వచ్చిన 'అమెరికా' అను 170 టన్నుల పడవ అందు ప్రథమముగా చేరినది. దాని వెనుక కొన్ని నిమిషములకే 'అరోరా' అను ఆంగ్లేయుల పడవ చేరినది. అరోరా 47 టన్నులది. అనగా మొదటిదానిలో మూడవవంతు కూడ లేదు. చిన్నపడవలకు కొంత కాలము మినహాయించుట ఆనాటికే వాడుకలో నున్నను, ఆ దినపు పందెమునకు మాత్రము మినహాయింపు లేదని ముందే నిర్ణయించిరి. అందుచేత తగాదా పుట్టలేదు. గెలిచిన పడవపేర ఆ పాత్ర 'అమెరికాస్ కప్' అని జగత్ప్రసిద్ధమైనది. అరోరా పేరు తెలిసినవారు ఎందరు? ఆనాడు నేర్పు ఎవరిది, పొడవు ఎవరిది అను ప్రశ్న మాత్రము అట్లే నిలిచిపోయినది.

కొలతబద్ద చేసిన పని

పడవను కొలిచి, ఆ కొలతనుబట్టి కాలపు మినహాయింపు ఇచ్చినచో న్యాయము జరుగునని పెద్దలు తలచిరి. 1855లో లండనులోని రాయల్ థేమ్స్ యాట్ క్లబ్బు ఒక సూత్రమును ఏర్పరచినది. పొడవులోనుండి వెడల్పును తీసివేసి, మిగిలినదానిని వెడల్పుతోను, మరల సగము వెడల్పుతోను గుణించి, 94 చేత భాగింపవలెను. వచ్చినది ఆ పడవ టన్నుల లెక్క. ఇందు లోతును కొలువలేదు; లోతు సగము వెడల్పు ఉండునని ఊహించి ఊరుకొనిరి. తెరచాప వైశాల్యమును అసలే లెక్కింపలేదు.

తాడిని తన్నువాడొకడుండిన, వాని తల తన్నువాడు మరియొకడుండును. పడవలకు రూపకల్పన చేయువారు ఈ సూత్రమును చూచిన వెంటనే దాని గుట్టు గ్రహించిరి. వెడల్పు పెరిగిన లెక్క పెరుగును. లోతు ఎంత పెరిగినను లెక్క పెరుగదు. ఇక నేమి? పడవలు ఏటేట సన్నబడి, లోతైనవి. పక్కకు ఒరిగిపోకుండ అడుగున సీసము పోసిరి. పైన చాప మీద చాప కట్టిరి. చివరకు అవి నిలువుగా నిలిపిన పలకలవలె నున్నవని ఆనాటివారు పరిహసించిరి. 1880ల ఆరంభమున సూత్రమును సవరించిరి గాని ఆ సవరించిన సూత్రమును వెడల్పును శిక్షించుట మానలేదు.

ఆ పరిణామమునకు పరాకాష్ఠ 1886లో కట్టిన 'ఊనా'. నీటిమట్టమునొద్ద దాని పొడవు సుమారు 34 అడుగులు. వెడల్పు అయిదున్నర అడుగులు మాత్రమే. సూత్రము ప్రకారము అది అయిదు టన్నుల పడవ. నిజముగా తూచినచో పన్నెండు టన్నుల పైమాటే. ఆ యేడే అది ఐర్లండు తీరమున, డబ్లిన్ సమీపమునగల మలహైడ్ యొద్ద, గాలివానలో చిక్కి నాశమైనది. దాని రూపశిల్పి విలియం ఈవాన్స్ పాటన్ కూడ అందులోనే యుండెను, ఒక్కరును బ్రదుకలేదు. నేరమంతయు తుపానుమీదనే మోపవచ్చును. కాని ఆ ఆకారమును పుట్టించినది సముద్రము కాదు, సూత్రము. న్యాయము కొరకు చేసిన కొలతబద్ద, తాను కొలువవలసిన వస్తువునే మార్చివేసినది. ఆ సంవత్సరమే టన్నుల లెక్కను త్రోసిపుచ్చి, నీటిమట్టపు పొడవును తెరచాప వైశాల్యముతో గుణించి, 6000 చేత భాగించు నూతన సూత్రమును డిక్సన్ కెంప్ ఆలోచన ననుసరించి అంగీకరించిరి.

అందరికిని ఒకే పడవ

కొలతయే లేకుండ చేసిన నేమి యను తలంపు మరునాటి యేడే, అనగా 1887లో, ఆ డబ్లిన్ సమీపముననే రూపు దాల్చినది. థామస్ మిడిల్‌టన్ అను నతని ప్రేరణచే 'వాటర్ వాగ్' అను చిన్నపడవలను అన్నింటిని ఒకే నమూనాలో కట్టించిరి. పడవలన్నియు ఒకటే యైనప్పుడు మిగులునది మనుష్యుని నేర్పే. ముందు చేరినవాడే గెలిచినవాడు. పరుగు పందెమునందలి సరళత మరల లభించినది.

హైదరాబాదు హుస్సేన్ సాగరమున లేజరు పడవలకు జరుగు పందెములును ఈ మార్గమునకు చెందినవే. ట్యాంకుబండు మీద నిలిచి చూచువారికి తెల్లని చాపలన్నియు ఒకే కొలతలో కనబడుటలోని అర్థమిదే. ఒలింపిక్ క్రీడలును సామాన్యముగ ఈ మార్గమునే అనుసరించుచున్నవి.

అయితే ఈ న్యాయమునకును ఒక మూల్యము కలదు. అందరును ఒకే పడవ కొనవలెను. తండ్రినాటి కొయ్యపడవ గలవాడు, తానే కట్టుకొన్న పడవ గలవాడు, పిల్లవానికి సరిపడు చిన్నపడవ మాత్రమే గలవాడు గట్టుననే కూర్చుండవలసి వచ్చును. చిన్న ఊరిలోని చెరువుమీద పది పడవలుండిన ఏడు రకములుండును. వారు కలసి ఆడుకొను మార్గమేది?

అనుభవమే ప్రమాణము

దీనికి 1940ల చివర ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ ప్రాంతమున జిల్‌వుడ్ మిలెడ్జ్ అను నావికుడు చక్కని ఉపాయము చెప్పెను. పడవను కొలువనక్కరలేదు, అది ఏమి చేసినదో చూచిన చాలునని ఆతని మతము. వివిధ సంఘములలో జరిగిన పందెముల ఫలితములను ప్రోగుచేసి, ఒక్కొక్క రకపు పడవకు ఒక్కొక్క సంఖ్య నిర్ణయింతురు. వేగముగల పడవకు చిన్నసంఖ్య. మందముగ పోవుదానికి పెద్దసంఖ్య. పడవకు పట్టిన కాలమును వేయిచేత గుణించి, దాని సంఖ్యచేత భాగించినచో సవరించిన కాలము వచ్చును. అది ఎవరికి తక్కువయో వారిదే గెలుపు.

ఒక ఉదాహరణము. సుమారు 14 అడుగుల లేజరు పడవ సంఖ్య 1100 ప్రాంతమున నుండును. ఎనిమిదడుగులకు లోబడిన, బాలబాలికలు నడుపు ఆప్టిమిస్టు పడవ సంఖ్య 1640 ప్రాంతమున నుండును. లేజరు 55 నిమిషములలో గమ్యము చేరినదనుకొందము. సవరించిన కాలము సరిగా 50 నిమిషములు. ఆప్టిమిస్టు నడిపిన బాలిక 80 నిమిషములకు చేరినది. ఆమె సవరించిన కాలము 49 నిమిషములకు కొంచెము తక్కువ. ఇరువదియైదు నిమిషములు వెనుకబడిన బాలికయే గెలిచినది! ఆమె 82 నిమిషములు తీసికొన్నచో ఇద్దరును సమానులగుదురు.

ఈ పద్ధతి నేటికిని బ్రిటనులోని రాయల్ యాటింగ్ అసోసియేషను ఆధ్వర్యమున నడుచుచున్నది. సంఘములు ఫలితములను పంపును, సంఖ్యలు సవరింపబడుచుండును. ఇందు సూత్రమును మోసగించు శిల్పికి తావు తక్కువ. కాని మరియొక లోపము పొంచియున్నది. ఒక రకపు పడవను నేర్పరులే ఎక్కువగా నడిపినచో దాని సంఖ్య కఠినమగును. నేర్పులేనివారే నడిపినచో దాని సంఖ్య ఉదారమగును. అట్టి ఉదారమైన సంఖ్యగల పడవను నేర్పరి యొకడు సంపాదించెనా, బహుమానములన్నియు వాని యింటికే చేరును. పడవను తూచబోయి మనుష్యులను కూడ తక్కెడలో వేయుట యన్నమాట.

రహస్యమా, బహిరంగమా?

సముద్రపందెములలో కొలత పద్ధతియే నిలిచినది. దానితో పాటు పాత వ్యాధియు నిలిచినది. 1970 నాటినుండి ఐ.ఓ.ఆర్. అను అంతర్జాతీయ సూత్రము ప్రబలినది. శిల్పులు మరల సూత్రమునకే పడవలను కట్టిరి. 1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ పందెమునకు బయలుదేరిన 303 పడవలు ఘోరమైన తుపానులో చిక్కినవి. పోటీ చేసినవారిలో పదునైదుగురు మరణించిరి. తరువాత జరిగిన విచారణలో, ఆనాటి పడవలు తలక్రిందులైనపుడు తిరిగి లేవగల శక్తిని గూర్చి గట్టి ప్రశ్నలు లేచినవి. ఊనా మునిగిన తొంబదిమూడేండ్లకు మరల అదే పాఠము.

నేడు ఈ వ్యాధికి రెండు చికిత్సలు వాడుకలో నున్నవి. బ్రిటిషు, ఫ్రెంచి సంఘములు కలసి నెలకొల్పిన ఐ.ఆర్.సి. పద్ధతిలో ప్రతి పడవకును ఒక సంఖ్య ఇత్తురు గాని, ఆ సంఖ్య వచ్చిన సూత్రమును ప్రకటింపరు. సూత్రము తెలియనిదే దానిని మోసగించుట కష్టముగదా! మరియొకటి 1970లలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జరిగిన పరిశోధననుండి పుట్టినది. ఏ గాలిలో, ఏ దిశలో పడవ ఎంత వేగముగా పోగలదో గణనయంత్రము లెక్కగట్టును. లెక్కించు విధానమంతయు బహిరంగమే. ఇది నేడు ఓ.ఆర్.సి. పద్ధతిగా నడుచుచున్నది. మొదటిదానియందు న్యాయాధిపతిని నమ్మవలెను. రెండవదానియందు ధర్మశాస్త్రమును చదువుకొనవలెను. రెండింటికిని భక్తులు కలరు.

ఎంత సూక్ష్మముగ లెక్కించినను గాలి ఒకరి అదుపులో లేదు. పెద్దపడవలు చేరిన పిమ్మట గాలి పడిపోయినచో చిన్నపడవలు నడిసముద్రమున నిలిచిపోవును; వెనుకనుండి కొత్తగాలి లేచినచో అవియే లాభపడును. పోటుపాట్లును అంతే. ఏ సంఖ్యయు ఈ అదృష్టమును పూర్తిగా తుడిచివేయజాలదు.

అయినను ఆ సంఖ్యలు లేకున్న పోగొట్టుకొనునదేమో ఆస్ట్రేలియాలోని సిడ్నీ హోబార్టు పందెము చూపుచున్నది. 1945లో ఆరంభమైన ఈ 628 నాటికల్ మైళ్ల పందెమున ముందు చేరినవారికొక గౌరవము, సవరించిన కాలమున గెలిచినవారికి మరియొక బహుమానము. మొదటి యేడు 35 అడుగుల 'రాణి' ఆరున్నర దినములలో చేరి రెండును గెలిచెను. 2017లో నూరడుగుల 'కొమాంచి' ఒక దినము 9 గంటల 15 నిమిషములలో ఆ దూరము దాటినది. ధనమును, శాస్త్రమును కలసి సాధించిన వేగమది. అయితే 'లవ్ అండ్ వార్' అను 47 అడుగుల కొయ్యపడవ 1974లోను, 1978లోను సవరించిన కాలమున గెలిచి, మరల 2006లో, మొదటి గెలుపునకు ముప్పదిరెండేండ్ల పిమ్మట, మూడవమారు గెలిచెను. ఆ యేడు ముందు చేరిన 'వైల్డ్ ఓట్స్' దానికి రెండింతల పొడవుగలది. సవరించు లెక్క లేకున్నచో ఆ ముసలిపడవలోని నావికుల నేర్పు ఎవరి కంటను బడెడిది కాదు.

సమానులు కానివారిని సమానులుగ చూచుట న్యాయము కాదు. వారి అసమానతను కొలిచి, తీసివేసి, మిగిలిన పురుషప్రయత్నమును గౌరవించుటయే న్యాయము. ఆ కొలత ఎన్నడును సంపూర్ణము కాదు; దానిని వంచించువాడు ఎప్పుడును పుట్టుచునే యుండును. కావున కొలతబద్దను మాటిమాటికి దిద్దుకొనుచుండవలెను. దిద్దుకొనుట మానిననాడు గెలుపు మరల పొడుగుపడవదే.