మంచు రాత్రిని దాటించే తొర్ర

చలికాలం పక్షులనగానే మనకు వలస పక్షులే గుర్తొస్తాయి. కొల్లేటికీ పులికాట్‌కీ ఎంత దూరం నుంచి ఏవేవి వచ్చాయో పత్రికలు ఏటా రాస్తాయి. ఎక్కడికీ పోకుండా పుట్టిన చోటే ఉండిపోయే పక్షుల ఊసు తక్కువ. మన దగ్గర వాటికి చలికాలం అంత గండం కాదు మరి. డిసెంబరు చివర్లో కూడా హైదరాబాదులో పగలు 11 గంటలుంటుంది, చెట్ల మీద పురుగు దొరుకుతుంది. మామిడితోటల్లో తిరిగే మన వడ్రంగి పిట్టకు తెల్లవారేదాకా బతకడం ఒక సమస్య కాదు.

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పరిస్థితి వేరు. మిషిగన్ దక్షిణ భాగంలో డిసెంబరు 21 ప్రాంతంలో పగలు 9 గంటలు, రాత్రి 15 గంటలు. సున్నాకు కింద 15 డిగ్రీలు దాటిపోయే రాత్రులుంటాయి. చెట్ల ఆకులు రాలి, నేల మంచుతో కప్పబడి, ఎగిరే పురుగన్నది కనబడదు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల పెరళ్లలో జనవరి నెలలో కూడా ఒక నలుపు తెలుపుల చిన్న పిట్ట మాను మీద పాకుతూ కనిపిస్తుంది. మగదైతే తల వెనక ఎర్ర మచ్చ. అది డౌనీ వడ్రంగి పిట్ట. ఉత్తర అమెరికా వడ్రంగి పిట్టల్లో అన్నిటికన్నా చిన్నది, బరువు సుమారు 27 గ్రాములు. ఆ పిట్ట ఆ రాత్రిని ఎలా దాటుతుందన్నది తెలుసుకోదగిన సంగతి.

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. ఈ పక్షులను చంపేది అసలు చలి కాదు, ఖాళీ కడుపు. పక్షి ఒంటి వేడి 40 డిగ్రీల పైమాటే. ఈకలు ఉబ్బించి వాటి మధ్య గాలిని నిలుపుకుని, రొమ్ము కండరాలను సన్నగా వణికించి ఆ వేడిని కాపాడుకుంటుంది. వణకడానికి ఇంధనం కావాలి. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ, ఉన్న బరువుకు వేడి పోయే పైభాగం ఎక్కువవుతుంది. అందుకే చిన్న పిట్టకు ఖర్చు ఎక్కువ, దాచుకునే చోటు తక్కువ. ఏ పూట కూలి ఆ పూట తినే మనిషి బతుకే దానిదీ. పగటి 9 గంటల్లో సంపాదించిన కొవ్వు తెల్లవారేసరికి దాదాపు కరిగిపోతుంది. మర్నాడు మళ్లీ మొదలు.

ఈ లెక్కను ఒక్కో జాతి ఒక్కో తీరుగా సరిచేసుకుంటుంది. నల్లటోపీ చికడీ అనే పిట్ట బరువు 11 గ్రాములే. గడ్డకట్టే రాత్రుల్లో అది తన ఒంటి వేడిని పది డిగ్రీల వరకు తగ్గించుకుని, ఆ తగ్గిన స్థాయిలోనే నిలుపుకుని నిద్రపోతుంది. ఖర్చు అంతమేరకు తగ్గుతుంది. ఇంకా చిన్నదైన బంగారు తల కింగ్లెట్ బరువు 6 గ్రాములు కూడా ఉండదు. మెయిన్ రాష్ట్రపు అడవుల్లో వీటిని ఏళ్ల తరబడి గమనించిన జీవశాస్త్రవేత్త బెర్న్‌డ్ హైన్రిచ్ 2003లో వచ్చిన ‘వింటర్ వరల్డ్’ పుస్తకంలో వీటి గురించి రాశారు. చెట్ల మీద గడ్డకట్టి ఉన్న చిన్న గొంగళి పురుగులను ఏరుకుని తింటాయనీ, రాత్రి ఒకదానినొకటి ఒరుసుకుని ముద్దగా పడుకుంటాయనీ ఆయన కళ్లారా చూశారు.

వడ్రంగి పిట్టది మూడో దారి. అది ఇల్లు కట్టుకుంటుంది. తొర్ర తొలిచేది గుడ్లు పెట్టడానికేనని మనలో చాలామంది అనుకుంటాం. కాని డౌనీ శరదృతువులో మళ్లీ పనిలోకి దిగుతుంది. ఈసారి తొలిచేది పడకగది. మగదానిది మగదే, ఆడదానిది ఆడదే, ఒక్కో తొర్రలో ఒక్కటే పడుకుంటుంది. పచ్చి చెట్టు జోలికి పెద్దగా పోదు. చచ్చిపోయి, బూజు పట్టి, లోపల మెత్తబడిన మానో కొమ్మో దానికి కావాలి. గాలి సోకని ఆ చిన్న గదిలో వేడి పోవడం తగ్గుతుంది. గాలి తగలకపోవడమే పెద్ద లాభం, ఎందుకంటే విసురుగాలి ఈకల మధ్య నిలిచిన వెచ్చదనాన్ని తోడేస్తుంది. ఇది కట్టిన ఇల్లు దీనితోనే ముగిసిపోదు. వదిలేసిన తొర్రల్లో చికడీలు, నట్‌హ్యాచ్ పిట్టలు, నీలి పిట్టలు, ఎగిరే ఉడతలు తలదాచుకుంటాయి. వాటిలో చాలావాటికి గట్టి చెక్కను తొలిచే ముక్కు లేదు. ఒక వడ్రంగి పిట్ట పని మీద ఆ అడవిలో ఎన్ని ప్రాణాలు ఆధారపడ్డాయో ఆలోచిస్తే నాకు ఈ చిన్న పిట్ట మీద గౌరవం పెరుగుతుంది.

పగటి పూట పని ఇంకా ఆసక్తికరం. పొలాల గట్ల మీద పెరిగే గోల్డెన్‌రాడ్ మొక్కల కాడలకు గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. ప్రతి బుడిపె లోపల ఒక ఈగ పిల్ల పురుగు చలికాలం గడుపుతుంది. దాని ఒంట్లో గ్లిసరాల్ వంటి పదార్థాలు చేరి, గడ్డకట్టినా కణాలు పగలకుండా కాపాడతాయి. చలిని జయించిన ఆ పురుగు డౌనీని జయించలేదు. పిట్ట కాడ మీద వాలి, బుడిపెకు సన్నటి చక్కటి రంధ్రం పెట్టి పురుగును లాగేస్తుంది. చికడీ కూడా ఇదే పని చేస్తుంది గాని బుడిపెను చిందరవందరగా చింపేస్తుంది. రంధ్రం చూస్తే వచ్చి వెళ్లినదెవరో చెప్పవచ్చు.

ఆడ మగల మధ్య మేత పంపకం కూడా ఉంది. మగవి సన్నటి కొమ్మల మీద, కలుపు మొక్కల కాడల మీద మేస్తాయి. ఆడవి లావు కొమ్మల మీద, మాను మీద. ఇష్టాయిష్టాల తేడా అనిపిస్తుంది కదా. కాదు. పరిశోధకులు మగవాటిని కొంతకాలం తప్పించి చూస్తే ఆడవి సన్న కొమ్మలకు మారిపోయాయి. అంటే మంచి చోటు మగది ఆక్రమించుకుంటోంది, మిగిలినదానితో ఆడది సర్దుకుంటోంది.

చలికాలంలో డౌనీ ఒంటరిగా మేయడం తక్కువ. చికడీలు, నట్‌హ్యాచ్‌లు, టిట్‌మౌస్ అనే పిట్టలతో కలిసి కలగూర గుంపులో తిరుగుతుంది. మన నల్లమలలో కూడా వేర్వేరు జాతుల పిట్టలు ఇలా గుంపు కట్టి మేస్తాయి. చెట్టుకు ముక్కు ఆనించి పనిచేసే పిట్టకు వెనకనుంచి వచ్చే డేగ కనబడదు. మాటిమాటికీ తల తిప్పి చూస్తే మేత సాగదు. గుంపులో ఉంటే ఆ కాపలా పని చికడీలది. వాటి కూతలు వినిపిస్తున్నంతసేపూ డౌనీ తల తిప్పడం తగ్గించి ఎక్కువ మేస్తుందని పరిశీలనల్లో తేలింది. చికడీ హెచ్చరికలో వివరం కూడా ఉంటుంది. 2005లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం శత్రువు ఎంత ప్రమాదకరమైతే కూత చివర ‘డీ’ శబ్దాలు అంత ఎక్కువ. పెద్ద గుడ్లగూబ ఈ పిట్టల వెంట చురుగ్గా తిరగలేదు, దానికి తక్కువ ‘డీ’లు. చిన్న గుడ్లగూబ వీటినే వేటాడుతుంది, దానికి ఎక్కువ.

ఇక దాచుకోవడం. చికడీ గింజలను ఒక్కొక్కటిగా బెరడు పగుళ్లలో దాచి, నాలుగు వారాల తర్వాత కూడా చోటు గుర్తుపెట్టుకుని తీసుకోగలదు. ఇలా దాచుకునే పక్షుల మెదడులో చోట్లను గుర్తుంచుకునే భాగం, హిప్పోకాంపస్, దాచుకోని పక్షులకన్నా పెద్దది. వడ్రంగి పిట్టల్లో ఈ విద్యలో ఆరితేరినది కాలిఫోర్నియా వైపు ఉండే ఎకార్న్ వడ్రంగి పిట్ట. కుటుంబమంతా కలిసి ఒకే మానుకు తరతరాలుగా వేల కన్నాలు తొలిచి, ఒక్కో కన్నంలో ఒక్కో ఓక్ గింజ బిగిస్తాయి. కొన్ని మాన్లకు 50,000 కన్నాల దాకా ఉంటాయి.

అమెరికాలో ఇళ్లున్నవాళ్లు వడ్రంగి పిట్ట గురించి ఎక్కువగా అడిగేది గోడ చప్పుడు గురించే. జనవరి చివరనుంచి పొద్దున్నే రేకు గొట్టం మీద డోలు వాయించినట్టు మోగితే అది మేత వెతకడం కాదు. పగలు పెరగడం గమనించిన పిట్ట తన చోటును ప్రకటించుకుంటోంది, జతను పిలుస్తోంది. ఎంత గట్టిగా మోగితే అంత మంచిది కాబట్టి రేకును ఎంచుకుంటుంది. వసంతంలో గుడ్లు పెట్టే కాలం మొదలయ్యాక సాధారణంగా ఆగిపోతుంది. శరదృతువులో చెక్క గోడకు గుండ్రటి రంధ్రం పడితే మాత్రం పిట్ట పడకగది కోసం చూస్తోందని అర్థం, బహుశా చుట్టుపక్కల ఎండుమాను దొరకక. కోపమొచ్చి హాని చేయకూడదు. 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం వడ్రంగి పిట్టలన్నిటికీ రక్షణ ఇస్తుంది, అనుమతి లేకుండా చంపడం నేరం.

మనం మేత పెడితే పిట్టలు సోమరులైపోతాయా? విస్కాన్సిన్‌లో మార్గరెట్ బ్రిటింగ్‌హామ్, స్టాన్లీ టెంపుల్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, మేత పెట్టిన చోట చలికాలం గడిచి బతికిన చికడీలు 69 శాతం, పెట్టని చోట 37 శాతం. తర్వాత వాళ్లే ఏళ్లుగా మేత పెడుతున్న చోట దాన్ని తీసేసి చూశారు. ఆ పిట్టలు మేత ఎరగని వాటంత బాగానే బతికాయి. కాబట్టి నిశ్చింతగా పెట్టవచ్చు. అక్కడి దుకాణాల్లో అమ్మే పశువుల కొవ్వు దిమ్మలు డౌనీకి బాగా ఇష్టం. వాటిని ముట్టడం ఇష్టం లేనివారు ఉప్పు లేని వేరుశనగపప్పు, పొద్దుతిరుగుడు గింజలు పెట్టవచ్చు. మేతపెట్టెను తరచు కడగాలి, లేకపోతే రోగాలు అంటుకుంటాయి.

అయితే గింజలకన్నా ముఖ్యమైనది చోటు, దాన్ని ఏ దుకాణమూ అమ్మదు. పెరట్లో ఎండిపోయిన చెట్టు ఇంటి మీదో దారి మీదో పడే ప్రమాదం లేకపోతే నిలబడనివ్వండి. కొమ్మలు తీయక తప్పకపోతే మాను వరకైనా ఉంచమని చెట్లు కొట్టేవారిని అడగండి. గోల్డెన్‌రాడ్ కాడలు వసంతం దాకా కోయకండి. మానును పూర్తిగా కొట్టాల్సి వస్తే ముందు చుట్టూ తిరిగి గుండ్రటి రంధ్రాలున్నాయేమో చూడండి. ఉంటే ఆ పనిని ఆగస్టు చివరికి వాయిదా వేయండి. అప్పటికి పిల్లలు ఎగిరిపోయి ఉంటాయి, చలికాలపు తొర్రల పని ఇంకా మొదలై ఉండదు.